మూతమీద బొట్టు

మహబూబ్‌నగర్ ఇనుప సామాన్ల దుకాణంలో నల్లా గొట్టాలు అతికే మేస్త్రి మంట చిమ్మే రెండు బ్లోలాంపుల ముందు నిలబడ్డాడు. పోయిన నెల పాతది పేలి మెడ కాలిననాటి నుంచి మంటంటేనే అతనికి వణుకు.

"పెండ్లిపిల్లను చూసినట్టు ఎంతసేపు చూస్తవయ్యా? రేపు దవాఖానల గొట్టాల పనున్నది. పెద్దది తీస్కో," అంది భార్య.

"పెద్దది పేల్తె మనిషే మిగలడే."

"అయితే చిన్నదే తీస్కో. ఆగు, బొట్టు పెడ్త."

కుంకుమ అద్దిన ఆమె వేలు దాని మూతమీది సన్న బొక్క మీదికి పోగానే అతను చెయ్యి పట్టుకున్నాడు.

"పాతదానికి గూడ గీడనే పెట్టినవా?"

"అవ్. రాలిపోవద్దని గట్టిగ మెత్తిన."

"లోపల గాలి ఎక్కువైతే బయటికి పోయే తొవ్వనే అది!"

"అయితే నిన్ను కాల్చింది... నేనా?"

ఆమె రెండో చేత్తో అతని మెడమీది మచ్చ తడిమి కన్నీళ్లు పెట్టుకుంది.

"ఏడ్వకు. చిన్నదే తీస్కుంటున్న. బొట్టు పిడికి పెట్టు," అన్నాడు.