కంట్లో పోసిన పాలు

ఊళ్ళని ముంచిన పెద్ద తుఫాను వెళ్ళిన మరుసటి ఏడాది. అమలాపురంలో కంటి డాక్టరు గది బయట బల్ల మీద, చుక్కలమందు సీసా గుప్పిట్లో బిగించి కూర్చుందామె. పక్కనే మొగుడు, ఎడం కన్ను ఎర్రగా వాచిపోయి. లోపల విన్న ఒక్క మాట ఆమె గుండెల్లో కుంపటిలా రాజుకుంటోంది.

"చెట్టెక్కి కాయల దింపు తీస్తుంటే కొబ్బరాకు గీరుకుందన్నారు, సరే. కంట్లో చనుబాలు పోయించుకున్న సంగతి నాకెందుకు చెప్పలేదండీ?"

"అందరూ పోయించుకునేదే కదా. బాలింత పాలు చలవని."

"ఏ బాలింతవి?"

"కాలవవతల వీరలక్ష్మివి."

"ఆయ్! ఊళ్ళో ఇంకో బాలింతే లేదు మరి. సరాసరి కంట్లోనే పిండిందా?"

"ఛ! వాళ్ళమ్మ కొబ్బరిచిప్పలో పట్టుకొచ్చి పోసింది. జ్వరమన్నది ఎరగని ఒళ్ళు కదా, తగ్గిపోద్దనుకున్నాను. ఆకు మీది బూజు కంట్లో మొలుస్తుందనీ, ఏ రోగమూ లేనోడికైనా వస్తుందనీ నాకేం తెలుసు?"

"పది రోజులు నానబెట్టేరు. నాతో అంటే నేనే వెళ్ళి తెచ్చేదాన్ని కదా, ఆ మాయదారి పాలు!"

"మనకా పిల్లల్లేకపోయె. ఇంకొకరి గుమ్మంలో నిల్చుని చనుబాలు అడగమని నిన్నెలా పంపనే?"

ఆమె సీసా మూత తీసి, అతని గడ్డం పట్టి తల వెనక్కి వంచింది.

"పైకి చూడండి. గంటగంటకీ వెయ్యాలంట. ఎంత చూపు మిగులుద్దో చెప్పలేనన్నాడు డాక్టరు. మిగిలినంతలో నా మొహం ఒక్కటే కనబడాలి."