కితకితల మాస్టారి టోపీ

టీ గ్లాసు చేతికిచ్చేసరికే నాన్న కోతలు మొదలుపెట్టేశాడని కూతురికి అర్థమైపోయింది. వాళ్ల టీకొట్టు ముందు బెంచీ మీద బార్బరు, టైలరు అప్పటికే చెవులప్పగించి కూర్చున్నారు.

“మా కితకితల మాస్టారు స్టేజీ మీద జోకేసి టోపీ సర్దుకునేవాడు. అదే నాకు గుర్తు. మూడో వరసలో నేను నవ్వాలి. నేనెత్తుకుంటే హాలంతా అందుకునేది. అదే నా ఉద్యోగం.”

“నవ్వడం కూడా ఉద్యోగమేనా బాబాయ్?” అన్నాడు బార్బరు.

“మరేమనుకున్నావ్! ఓసారి నా నవ్వుకి ముందు వరసాయన కట్టుడుపళ్లు ఎగిరెళ్లి స్టేజీ మీద పడ్డాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడ పడి కూడా అవి నవ్వుతూనే ఉన్నాయి!”

టైలరుకి పొలమారింది.

“ఇంకోసారి పైకప్పు రేకులు లేచిపోయి వాన లోపల కురుస్తుంటే, ఒక్కడు కదిలితే ఒట్టు! పక్కవీధి ఆసుపత్రిలో ఏళ్ల తరబడి మంచం దిగని ముసలాయన, ఆ నవ్వు విని, నడిచొచ్చి టికెట్టడిగాడు. అయిపోయాయన్నారు. మళ్లీ వెళ్లి పడుకున్నాడు పాపం.”

“అదంతా అప్పుడు బాబాయ్,” అన్నాడు టైలరు మూతి తుడుచుకుంటూ. “ఎంతసేపూ లావు పెళ్లాం మీద, నత్తివాడి మీద జోకులే. మా పిల్లలు ఫోన్లో చూసి ఛీ అన్నారు.”

నాన్న మొహం వాడింది. అంతలోనే ఛాతీ పొంగింది.

“మొన్న ఆదివారం రావాల్సింది నువ్వు! ఇన్నేళ్లకి మా మాస్టారు మళ్లీ స్టేజీ ఎక్కాడు. జనం నవ్వకపోతే ఇక పిలవనని హాలు ఓనరు ముందే చెప్పేశాడు. లావు పెళ్లాం జోకే వేశాడు, టోపీ సర్దాడు, నేను నవ్వాను చూడు... హాలు పునాదులతో సహా లేచి, రోడ్డు దాటి, మళ్లీ వచ్చి కూర్చుంది!”

“నాన్నా,” అంది కూతురు పాలగిన్నె దించుతూ. “పక్క సీట్లో ఉన్నది నేనే కదా. నువ్వసలు నవ్వలేదు.”

“దగ్గొచ్చిందే...”

“దగ్గూ లేదు, గిగ్గూ లేదు. ఆయన టోపీ సర్దాడు, మళ్లీ సర్దాడు. నువ్వేమో మూతి బిగించుకుని నా వంక చూశావు. ఇంత లావున్నానుగా, ఎక్కడ నొచ్చుకుంటానో అని.”

బార్బరు తల దించుకున్నాడు.

“ఆయన నిన్ను చూశాడు, నన్ను చూశాడు. టోపీ తీసి పక్కన పెట్టేసి తన పొట్ట తట్టుకున్నాడు. ‘ఇది నాకంటే ముందే ఇంటికెళ్లి, భోంచేసి పడుకుంటోందండీ, నేను వెళ్లేసరికి గిన్నెలు ఖాళీ’ అన్నాడు. అప్పుడు ముందు నవ్విందెవరు?”

నాన్న గ్లాసులోకి చూశాడు. “నువ్వే.”

“టోపీ సర్దకుండానే. వచ్చే ఆదివారం కూడా పిలిచారాయన్ని.”

నాన్న మెల్లగా మీసం దువ్వాడు. “మరి ఎవరి కూతురనుకున్నారు!”

“ఇంతకీ హాలు రోడ్డు దాటిందా లేదా అక్కా?” అన్నాడు బార్బరు.

“లేదు,” అంది ఆమె నాన్న గ్లాసులో ఇంకాస్త టీ పోస్తూ. “మా నాన్న నవ్వి ఉంటే దాటేదే.”