వాటా అడగని వేట

బేగాయిమ్ పొయ్యి పక్కన కూర్చుని, పలచగా వత్తిన పిండిని సన్నటి పోగులుగా కోస్తోంది. ఆమె తీసిచ్చిన మాంసం ముక్కను మామగారు నెమ్మదిగా నములుతున్నారు.

"ఎలా ఉంది మావయ్యా? మీ అబ్బాయి మొదటి వేట!"

"కౌజుపిట్ట తియ్యగా ఉంటుందమ్మా. కుందేలుది ఎండుగడ్డి వాసన. కొండగొర్రె కొవ్వయితే నాలుక్కి అంటుకోనే అంటుకోదు."

"నేనడిగింది ఈ కొండమేక సంగతి."

"కొండమేక అడవి ఉల్లి మేస్తుంది. ఉడుకుతుంటేనే ఆ ఘాటు ఇల్లంతా పట్టేస్తుంది. ఇదేమో దొడ్లో పెరిగిన మేకలా ఉంది."

"ఉన్నవి రెండు పళ్ళు, వంకలు మాత్రం వంద!"

"సరే, నా నోరు చచ్చిపోయిందనుకో. వాడు ఊరి మధ్య నుంచే వచ్చాడుగా, ఎవరైనా 'శిరల్గా' అన్నారా?"

ఆమె చేతిలో కత్తి ఆగింది. వేటగాడు ఎదురైతే ఆ మాట అంటారు. అన్నవాళ్ళకి వాటా ఇవ్వక తప్పదు.

"లేదు మావయ్యా."

"సంత నుంచి సంచితో వచ్చేవాణ్ణి ఎవరడుగుతారు?"

"ఆయన్నేమీ అనకండి. జంతువు వైపు తుపాకి ఎత్తితే చేతులు వణుకుతున్నాయట. మీలాంటి వేటగాడి కొడుకై ఉండి ఆ మాట మీతో ఎలా చెప్పనని, లోపల ముసుగేసుకుని పడుకున్నారు."

మామగారు మూసి ఉన్న గది తలుపు వైపు చూశారు. తర్వాత కుండలోంచి మంచి ముక్కలు ఏరి గిన్నెలో వేసుకున్నారు.

"ఎక్కడికి మావయ్యా?"

ఆయన వేట వాటా పట్టుకెళ్ళేవాళ్ళలాగే గిన్నెను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పొరుగింటి వైపు నడిచారు.