హెరాత్ ఆకాశంలో సుబ్బరాజు గారు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో సుబ్బరాజు గారి గరాజ్ తలుపు పైకి లేచిందంటే బయటికొచ్చేది కారు కాదు, కబుర్లు. ఆ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న స్టూడెంట్లందరికీ ఈ సంగతి తెలుసు. శనివారం సాయంత్రం మడత కుర్చీలు పడతాయి, దమయంతి ఆంటీ ఫ్లాస్కు నిండా టీ తెస్తుంది, ఇక రాజుగారు మొదలుపెడతారు. భీమవరం మనిషి, రిటైరైన ఇంజనీరు. ఎప్పుడో ఆనకట్ట పని మీద అఫ్ఘనిస్తాన్‌లో కొన్నాళ్ళున్నారు. సెలవు దొరికినప్పుడు హెరాత్ ఊళ్ళో తిరిగి జనం రోజూ చేసుకునే పనులన్నీ ఫోటోలు తీశారట. ఆ ఫోటోల్లో మిగిలింది ఒక్కటే గానీ, కబుర్లు మాత్రం ఏటేటా పెరుగుతున్నాయి.

రూపకి ఆ కబుర్లంటే ప్రాణం. ఈ శనివారం మాత్రం అవే ప్రాణం మీదికొచ్చాయి.

పక్క కుర్చీలో హమీదా ఖాలా కూర్చుంది మరి. రూప పార్ట్‌టైమ్ చేసే నాన్‌ల బేకరీ ఆవిడదే. పుట్టి పెరిగింది అచ్చంగా హెరాత్‌లోనే. ఖాలా అంటే వాళ్ళలో పిన్ని, కానీ ఆవిడ దగ్గర పిన్ని చనువు ఎవరికీ లేదు. మీ దేశంలో తుపాకులు తప్ప ఏమున్నాయని నవ్విన కస్టమర్ చేతిలోంచి నాన్ వెనక్కి లాక్కుని, బయటికి దారి చూపించిన మనిషి. పైగా ఊరినిండా స్టూడెంట్లే. ఒక్క కౌంటర్ జాబ్ పడితే రెజ్యూమేలు పట్టుకుని వీధి చివరిదాకా లైను కడుతున్నారు. బేకరీలో ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరిలో ఒకరినే ఉంచుతానని, ఎవరన్నది సోమవారంలోగా తేలుస్తానని ఖాలా చెప్పేసింది. ఇవాళ రూప బస్సు మిస్సయితే జాలిపడి కార్లో దింపింది. దింపి వెళ్ళిపోయినా బాగుండేది. రాజుగారు ఎదురెళ్ళి, "హెరాతా అండీ? అయితే మా ఊరే!" అని దండం పెట్టి కుర్చీ వేశారు.

ఖాలాకి వచ్చింది హిందీ సినిమాలు చూసి నేర్చిన హిందీ.

"నువ్వు ఆవిడకి చెబుతూ ఉండమ్మా రూపా. తెలుగులో కాకపోతే నా కథకి ఉప్పూ కారం ఉండదు," అన్నారు రాజుగారు, గొంతు సవరించుకుని. "పెద్ద విశేషమేం కాదండి. పొద్దున్నే కెమెరా మెళ్ళో వేసుకుని బజారుకెళ్ళాను. నాన్‌లు కాల్చే కొట్టు. ఫోటో తీసుకోనా అన్నాను, తీసుకోమన్నాడు. అంతే."

రూప ఉన్నదున్నట్టు చెప్పింది. ఖాలా తలూపింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫోటోలో నాన్ పట్టలేదండీ! వెనక్కి జరిగాను, పట్టలేదు. వీధి చివరికెళ్ళాను, పట్టలేదు. ఊరవతల కొండెక్కి చూస్తే అప్పటికి ఒక కొస కనపడింది."

"మరి రెండో కొస అంకుల్?" అన్నాడు కిరీటి. వాడు రూప క్లాస్‌మేట్, పక్క గదిలో ఉంటాడు.

"అదింకా పొయ్యిలో కాలుతోంది కదయ్యా!"

గరాజంతా నవ్వులు. రూప కొండనీ కొసనీ మింగేసి, "మీ నాన్‌లు పొడుగ్గా ఉంటాయంటున్నారు," అంది హిందీలో.

"ఇలా కాదని గాలిపటాలు ఎగరేసేవాణ్ణి పిలిచాను. ఉన్నవాటిలో పెద్దది చూసి నా నడుముకి కట్టాడండి. లేచాను!" రాజుగారు కుర్చీ ఎక్కి రెండు చేతులూ చాపి ఆడించారు. "కింద ఊరు ఊరంతా కనపడుతోంది. కొత్త తివాచీలు మెత్తబడాలని రోడ్డు మీద పరిచి కార్లతో తొక్కిస్తున్నారు, టక్కున తీశా. దానిమ్మపళ్ళ బండి, తీశా. మంగలి ఒకాయనకి మీసం కత్తిరిస్తున్నాడు. ఆయన నన్ను చూసి, ఫోటోకి నవ్వాలి కదాని ఒక్కసారి నవ్వాడు, సగం మీసం ఎగిరిపోయింది! నా ఫోటో అచ్చయి వచ్చేదాకా రెండో సగం కూడా తీయించుకోనని ఆ పెద్దాయన ఇప్పటికీ అలాగే తిరుగుతున్నాడట."

"ఊరంతా నడిచి ఫోటోలు తీశారట," అంది రూప.

"ఇంతలో పక్క మేడ మీదివాడు తన పటంతో నా దారం కోసేశాడు! పడిపోతున్నాను. సరిగ్గా అప్పుడే పొయ్యిలోంచి నాన్ రెండో కొస బయటికొచ్చింది. పట్టేసుకున్నాను. గాలికి అది గొడుగులా విచ్చుకుందండీ! ఆకలేసినప్పుడు అంచు కొరుక్కుంటూ, ఫోటోలు తీసుకుంటూ ఇరాన్ బోర్డర్ దాకా తేలిపోయాను. వాళ్ళు పాస్‌పోర్ట్ అడిగితే గాల్లోంచే చూపించి స్టాంపు వేయించుకున్నాను!"

"కుర్చీ మీంచి పడతారు, దిగండి," అంది దమయంతి ఆంటీ.

"చివరికి... నాన్ తిన్నారట," అంది రూప.

ఖాలా టీ గ్లాసు కింద పెట్టింది. "నడిచి ఫోటోలు తీసినవాడు రెక్కలెందుకు ఆడించాడు? నాన్ తిన్నాడంటే వీళ్ళు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతారా? నా ఊరి గురించి ఏదో అన్నాడు. నువ్వు నా దగ్గర దాస్తున్నావు."

ఉద్యోగం పోయిందనే అనుకుంది రూప. పోయేది ఎలాగూ పోతుంది, ఇంకెందుకు దాచడమని మొత్తం చెప్పేసింది. కొండెక్కినా కనపడని కొస, గాలిపటం, సగం మీసం, బోర్డర్లో స్టాంపు, అన్నీ. ఖాలా మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"ఫోటో ఏదీ?"

రాజుగారు గోడకి తగిలించిన ఫ్రేము తెచ్చి ఇచ్చారు. కొట్టు ముందు తివాచీ మీద ముసలాళ్ళు కూర్చుని టీ తాగుతున్నారు, వెనక బేకరీవాడు చేయి పొడుగున్న నాన్ పట్టుకుని నవ్వుతున్నాడు. "ఇది నాన్ మీద తేలుతూ తీసిందేనండి," అన్నారాయన, కాస్త నీరసంగా.

ఖాలా కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆవిడ వేలు ఫోటో అడుగు అంచు దగ్గర ఆగింది.

"అందరి గ్లాసుల్లోనూ టీ ఉంది. కెమెరాకి దగ్గరగా ఉన్న ఈ ఒక్క గ్లాసే బోర్లించి ఉంది. మా దగ్గర అతిథి గ్లాసు బోర్లించేదాకా పోస్తూనే ఉంటారు. ఆకాశంలో ఎగిరేవాడికి టీ ఎవరు పోశారో అడుగు. ఈయన ఎక్కడికీ ఎగరలేదు. కొట్టులో కూర్చుని, పోసిందల్లా తాగి, ఇక లేవలేక గ్లాసు బోర్లించి, కూర్చున్నచోటినుంచే ఈ ఫోటో తీశాడు!"

అని ఫక్కున నవ్వింది. బేకరీలో ఇన్నాళ్ళుగా ఆ నవ్వు ఎవరూ చూసి ఉండరు. రూప ఈసారి ఒక్క ముక్క కూడా తగ్గించకుండా తెలుగులో చెప్పింది. కిరీటి కుర్చీలోంచి జారిపోయాడు.

"నా ఊరి పేరు చెబితే అందరూ యుద్ధం గురించే అడుగుతారు," అంది ఖాలా, తలమీది చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుంటూ. "నా ఊరి నాన్ గురించి ఇంత ప్రేమగా అబద్ధమాడినవాణ్ణి ఇవాళే చూశాను. రూపా, ఆ ఉద్యోగం నీకే, సోమవారం వచ్చేయ్. కస్టమర్లు అన్నది అన్నట్టు నాకు చెప్పాలి, ఇలా కత్తిరిస్తే ఊరుకోను."

రూప హమ్మయ్య అని పైకే అనేసింది.

దమయంతి ఆంటీ ఫ్లాస్కు పట్టుకుని, "మీకు ఇంకాస్త పొయ్యనా?" అంది భర్తతో. రాజుగారు హమీదా ఖాలా వంక చూసి, తన స్టీలు గ్లాసు బల్ల మీద బోర్లించారు.

ఖాలా చేయి చాపి ఆ గ్లాసు తిప్పి నిలబెట్టింది. నిండా పోయమని ఆంటీకి సైగ చేసి, రూప వైపు తిరిగింది.

"బోర్డర్ దాకా వెళ్ళాడు, బానే ఉంది. తిరిగెలా వచ్చాడో అడుగు."