గుర్రం మెడ వట్టుకున్నదనుకున్నం

"నాయినమ్మా, తాత టాంగా తోలుతుండెనట గదా. గా గుర్రం ముచ్చట జెప్పవా?"

గా ముచ్చటనా? కూసో మరి. పోలీస్ యాక్షన్ అయినంక నాలుగేండ్లకో, అయిదేండ్లకో... నా లగ్గమైన రెండో ఏడు, గంతే. మీ తాత తాండూర్ టేషన్ కాడ టాంగా తోలుతుండె. గులాబి అని ఎర్ర గుర్రం, ఆడది. పొద్దుగాల లేస్తే ముందు దానికి మాలీషు, తర్వాతనే నాతోని మాట. నాకు మస్తు కోపమొస్తుండె, అబద్ధమెందుకాడాలె.

ఓ ఎండకాలం గది తల ఒక్క దిక్కే వంచుడు వెట్టింది. ఎడమ పగ్గం గుంజితే సాలు, తల ఎగరేస్తది. మెడ వట్టుకున్నదన్నడు తాత. ఆముదం... కాదు కాదు, నువ్వుల నూనె కాచి రుద్దిండు, ఉప్పు మూటతోని కాపిండు. వారం దినాలైనా తగ్గలే. గుర్రం బక్కగైంది. ఒకనాడు సవార్లు ఎక్కి కూసున్నంక అది కదలకపోతె, అందరి ముంగట సెర్నకోలతోని కొట్టిండు. "మొండిదైంది, అమ్మేస్త" అన్నడు. అది వోతే మాకు బువ్వెక్కడిది బిడ్డా?

నాకేమో ఒకటి కండ్లవడ్డది. దాని తొట్టి కింద గడ్డి, శనగలు సగం నమిలి ఉండలు ఉండలు ఇడిసిపెట్టింది. మాది బషీరాబాద్ దిక్కు, గొర్లోళ్లం గదా. గొర్రె బక్కగైతే మా నాయిన మొదలు నోరు దెరిచి సూస్తుండె. గదే జెప్పిన. "గొర్రె వేరు, గుర్రం వేరు. నువ్వు ఊకో" అన్నడు.

ఊకోలే. ఆయన చాయ్ తాగనీకి వోంగనే, లాడాలు కొట్టే ముసలి సాయెబును బతిమిలాడి తోల్కొచ్చిన. గుర్రం నాలుక పక్కకు గుంజి వట్టిండు, గట్ల వట్టుకుంటె కొరకదట. నోట్లె చెయ్యి వెట్టి సూసిండు. దౌడ పండ్లు ఒక్క దిక్కే అరిగి అంచులు కత్తి లెక్కైనయి, చెంప లోపలంత కోసుకవోయి పుండు. "మెడ గాదమ్మా, నోరు నొస్తుంటె మెడ బిగవట్టుకున్నది" అన్నడు. ఆకురాయితోని జరంత జరంత రాకిండు. నేను చెవుల ఎనక నిమురుకుంట నిలవడ్డ. వణికింది గని, తన్నలే.

నడుమనే మీ తాత వచ్చిండు. తిడ్తడనుకున్న. దగ్గరికొచ్చి గుర్రం నోట్లెకు వంగి సూసిండు. సాయెబు ఆయన వేలు గూడ లోపల వెట్టించిండు. నెత్తురంటిన వేలు జూసుకుంట నిలవడ్డడు.

నాలుగొద్దులకు గులాబి కరకర శనగలు నములుతుంటె, కొట్టిన కాడ నూనె రాసుకుంట ఏడ్సిండు బిడ్డా. "నోరు నొస్తున్నదాన్ని నడువుమని కొట్టిన" అన్నడు. ఆయన ఏడ్వంగ నేను సూసుడు గదొక్కసారే.

సరే గని, నువ్వు సల్లగుండు బిడ్డా. రేపు నీ ఇంట్ల ఎవలన్న బువ్వ తినకుంట కూసుంటె కోపం జెయ్యకు. యాడ నొస్తున్నదో... గది అడుగు మొదలు.