ఏడవని పిల్ల

పుదుచ్చేరి రేవు నుంచి దొర కుటుంబాన్ని ఎక్కించుకుని ఫ్రాన్సు ఓడ కదిలిన సాయంత్రం. దొర కొడుకును పురిటినాటి నుంచి పెంచిన ఆయా పట్టమ్మాళ్, అటునుంచి అటే కూతురు తిలగం ఇంటికి వచ్చి తిన్నె మీద కూర్చుంది. లోపల ఉయ్యాలలో తిలగం బిడ్డ ఏడుస్తోంది.

“చంకలోంచి దించొద్దు, దించొద్దు అన్నాడే పిల్లోడు. నేనే పడవలోకి దించితి.”

“దొరసాని ఊరుకోబెట్టలేదా?”

“ఆమెకు తెలుగు యాడ వస్తాది? ఏమంటా ఉండాడని నన్నే అడిగింది.”

“నువ్వేం చెప్తివి?”

“ఎండకు ఏడస్తా ఉండాడంటిని.”

“చిన్నోడు. నాలుగు దినాల్లో సర్దుకుంటాడులే.”

“మరిచిపోతాడంటావా?”

“మరిచిపోడు. ఏడిచేది మానేస్తాడు.”

“తిలగం, బిడ్డ ఏడస్తాంది.”

“వినపడతాంది.”

“ఎత్తుకోవే.”

“పాలిచ్చి పండబెడితి. కడుపు నిండినాక ఇంకేం కావాల? ఊరుకుంటాది.”

“ఎవురు చెప్పినారు నీకట్ట?”

“ఎవురు చెప్పాల? నేను ఊరుకోలేదా?”

“నువ్వు బంగారు పిల్లవి. అప్పుడు ఇంకో దొర ఇంట్లో నాకు పని; ఆదివారం పెద్దమ్మ ఇంటికి నిన్ను చూసేదానికి వచ్చి పొయేటప్పుడు గూడా కంట్లో నీళ్ళు పెట్టేదానివి గాదు.”

“నీ తట్టు చూస్తే గదా. పెద్దమ్మ వెనక నిలబడి గోడ గోకేదాన్ని.”

“మా తిలగం తెలివైంది, ఏడవదు, అని అప్పటి దొరసానికి గూడా చెప్పినా.”

“చెప్పుంటావు. అందుకే గదా నీకు ఆదివారం తప్ప సెలవియ్యలే.”

“మీ నాయన పొయినాడు. కూటికి పోతినే, సుఖానికా?”

“నేనేమన్నా అంటినా?”

“అనవు. ఎప్పుడూ ఏమీ అనవు. నీ మొగుడూ అదే చెప్పుకుంటాడు, ఇంట్లో ఇద్దరుండినా ఒంటిగా ఉన్నట్టుండాదని.”

“నీతో చెప్పినాడా? నాతో చెప్పలే.”

“నువ్వు అడిగితే గదా.”

“అడిగేది నాకు అలవాటు లేదు.”

“బిడ్డను చూడవే, గొంతు పోతాంది.”

“నువ్వెత్తుకోమ్మా. నీకు చాతనయ్యేదే గదా.”

“ఈ దినం వద్దే.”

“ఏమి?”

“వాడి బరువు ఇంకా చేతుల్లోనే ఉండాది. ఇంకో బిడ్డనెత్తితే అదీ పోతాది.”

“నేను నిన్ను అడిగింది ఇదొక్కటే.”

“తెలుసు. రేపు ఎత్తుకుంటా. రేపు తప్పకుండా...”

“విను.”

“ఏంది? ఏమీ వినపడలే.”

“అదే. బిడ్డ తనంతట తానే ఊరుకుంది. మనం ఇద్దరం ఈడనే కూచోనుండాం. ఎవరమూ లెయ్యలే.”