ఏడుసార్లు ఊదిన బాపు

నా పేరు సాయిచంద్. తండ్రి ముత్తయ్య, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యారు. వయసు 22, ఊరు నస్పూర్, బీటెక్ మూడో సంవత్సరం. ఆస్పత్రి మేనేజర్ గదిని ఆక్రమించానని, అక్కడి పరీక్షను అడ్డుకున్నానని నా మీద పోలీసులకు ఫిర్యాదు. మొదటిది నిజం. రెండోది అబద్ధం.

క్యాన్సర్ వల్ల బాపుకు నిరుడు కడుపు మొత్తం తీసేశారు. తిన్నది ఒంటబట్టడం లేదు. ఇప్పుడు 39 కిలోలు. పేగులో సూక్ష్మజీవులు పెరిగాయేమో ఊపిరి చెబుతుందని డాక్టరు అన్నారు. పరగడుపున ఒకసారి, గ్లూకోజు నీళ్ళు తాగాక ఇరవై నిమిషాలకోసారి ఆరుసార్లు సంచిలోకి ఊదాలి. మధ్యలో నిద్రపోకూడదు.

నిన్న కరీంనగర్ ఆస్పత్రిలో బాపు పరగడుపున ఒకసారి ఊది, ఉదయం 8.20కి గ్లూకోజు తాగారు. కడుపు లేదు కదా, ఆ తీపి నేరుగా పేగులో పడింది. 8.40కి ఊదగానే చెమటలు, గుండెదడ.

“బిడ్డా, జర పండవెట్టు,” అన్నారు.

ల్యాబ్ టెక్నీషియన్ ఓంప్రకాశ్ తలగోక్కున్నాడు. “ఈడ మంచం లేదన్నా. ఆపితే మల్ల నెలదాకా డేటు దొరకది.”

పక్కనే మేనేజర్ గది, అందులో సోఫా. సారు ఇంకా రాలేదు. బాపును ఎత్తుకెళ్ళి పడుకోబెట్టి లోపల గొళ్ళెం పెట్టాను. నిద్రపోకుండా ఉండేందుకు, అప్పటిదాకా దాచిన నా నాలుగు బ్యాక్‌లాగుల సంగతి, అంటే తప్పిన సబ్జెక్టుల సంగతి చెప్పాను. ఆ తర్వాత ఆయన రెప్ప వేయలేదు.

9.30కి మేనేజర్ సంతోష్‌రావు గారు తలుపు బాదారు.

“మీ అయ్యను లేపు. బయట కుర్చీలున్నయి గదా.”

“కుర్చీలున్నయి సార్. కూసునే బలమే లేదు.”

“పోలీసోళ్ళను పిలుస్త.”

“పిలువనియ్యి,” అన్నారు బాపు లోపలి నుంచే. “నాకింక మూడు ఊదుడున్నయి.”

ఓంప్రకాశ్ గడియారం చూసుకుని కిటికీలోంచి సంచులు అందించాడు. 10.20కి చివరిది ఊదారు. 10.21కి తలుపు తీశాను. రిపోర్టులో ఏడు అంకెలు, ఏడింటి పక్కన ఓంప్రకాశ్ సంతకాలు ఉన్నాయి. డాక్టరు సాయంత్రమే మందు మొదలుపెట్టారు. నేను అడ్డుకున్నానంటున్న పరీక్ష ఇదే.

క్షమాపణ రాసిస్తే వదిలేస్తామని ఎస్సై గారు అన్నారు. రాయను. మందు పనిచేసిందో లేదో చూసేందుకు బాపు వచ్చే నెల మళ్ళీ ఊదాలి. అప్పటికీ మంచం వేయకపోతే అదే సోఫా, అదే గొళ్ళెం. ముందే చెబుతున్నాను.

ఇది చదివించుకుని విన్నాను. ‘దౌర్జన్యంగా’ అన్న మాట నాది కాదని కొట్టేయించాను. మిగతాదంతా నేను చెప్పిందే, జరిగిందే. నకలు ఇంటికి పంపవద్దని మనవి. బ్యాక్‌లాగుల సంగతి నన్ను కన్న అవ్వకు ఇంకా తెలియదు.

(సంతకం) సాయిచంద్